నిలురాళ్ళు

“రాయిలా నిలబడ్డావేమే?” అని కూతుళ్ళని కసురుతుంటాం. నారాయణపేట జిల్లాలో, కృష్ణ ఒడ్డున ఉన్న ముడుమాల్‌లో నిజంగానే మనుషులు రాళ్ళై నిలబడిపోయారట! పదీ పధ్నాలుగడుగుల ఎత్తున, దాదాపు 80 రాళ్ళు. ఊరివాళ్ళు వాటిని నిలురాళ్ళంటారు. శాపం తగిలి మనుషులే ఇలా అయిపోయారని కథ చెబుతారు. అందులో ఒక రాయి ఎల్లమ్మతల్లి. పసుపూ కుంకుమా అందుకుంటోంది.

చరిత్రకారుల మాట వేరు. ఇవి 3000 ఏళ్ళకు పైబడినవనీ, సూర్యుడి గమనాన్నిబట్టి ఋతువులు లెక్కకట్టుకోడానికి ఆనాటివాళ్ళు వరసలు తీర్చి నిలిపారనీ అంటారు. అక్కడే ఒక బండమీద తొలిచిన గుంటలు సప్తర్షి మండలమేనని పురావస్తు పరిశోధకులు ఆచార్య కె.పి.రావు చెప్పారు. సప్తర్షులు మనకి పరాయివాళ్ళా? పెళ్ళినాడు పురోహితుడు చూపించే అరుంధతి ఉండేది వాళ్ళలోని వసిష్ఠుడి పక్కనే కదా!

2025లో ఈ రాళ్ళు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. సంతోషమే. మరి అన్ని వందల ఏళ్ళూ వీటిని కాపాడిందెవరు? దున్నుకునేవాడికి పొలంలో రాయి అడ్డం. ఇల్లు కట్టుకునేవాడికి అదే అక్కరకొచ్చే సరుకు. ముట్టుకుంటే శాపం తగులుతుందన్న నాయనమ్మల భయమూ, ఎల్లమ్మకి ఆడవాళ్ళు పెట్టిన బొట్టూ గడ్డపార ఎత్తిన చేతుల్ని ఆపి ఉంటాయని నా నమ్మకం. మూఢనమ్మకమని నవ్వేముందు ఆ బొట్టుకో నమస్కారం పెట్టొద్దూ?