వల్లె వేసిన విద్య

తెలుగునాట ఒక పనిలో బాగా ఆరితేరిన వాడిని "ఘనాపాఠి" అంటారు. పేకాటలో ఆరితేరినా ఆ బిరుదుకు లోటు లేదు. పిల్లవాడు పాఠం మళ్ళీ మళ్ళీ చదువుకుంటుంటే "వల్లె వేస్తున్నాడు" అంటారు. గురువు నోటి నుంచి పాఠం అందుకోవడాన్ని "సంత చెప్పుకోవడం" అంటారు. ఈ మాటలన్నీ వేదం చెప్పుకునే అరుగుల మీద నలిగినవే. పుస్తకం లేకుండా, కాగితం ముట్టకుండా, లక్షకు పైబడిన పదాలను అక్షరం పొల్లుపోకుండా తరతరాలకు అందించిన ఒక పద్ధతికి ఇవి ఆనవాళ్ళు. ఆ పద్ధతి ఎట్లా నడిచిందో, దాన్ని ఎవరు పోషించారో, సముద్రం దాటి వచ్చిన మన వంటి వారికి దానితో ఉన్న సంబంధం ఏపాటిదో ఈ వ్యాసంలో ముచ్చటిస్తాను.

ముందు భారం ఎంతో చూద్దాం. ఆంధ్ర వైదిక కుటుంబాలలో ఎక్కువమందిది కృష్ణయజుర్వేదం, అందులో తైత్తిరీయ శాఖ. ఆ సంహితలో 7 కాండలు, 44 ప్రశ్నలు, 651 అనువాకాలు ఉన్నాయి. ప్రశ్ననే తెలుగువారు పన్నం అన్నారు. సంహితకు 44, బ్రాహ్మణానికి 28, ఆరణ్యకానికి 10, మొత్తం 82 పన్నాలు. ఇవి వచ్చినవాడే వేదం వచ్చినవాడు. ఇక అనువాకాన్ని యాభై పదాలకొక ముక్కగా విడగొడతారు. యాభైని సంస్కృతంలో పంచాశత్ అంటారు. అదే మన నోట్లో పనస అయింది. పెళ్ళిలో "ఒక పనస చెప్పండి" అని పండితుణ్ణి అడిగితే కొత్తవారు పండు గురించి అనుకోవడం కద్దు! సంహిత మొత్తంలో ఇటువంటి పనసలు 2,198. అనువాకం చివరి ముక్కలో పదాలు కొంత అటూ ఇటూ ఉన్నా, మొత్తం లక్షా పదివేల పదాలకు దగ్గరగా తేలుతుంది.

ఈ పనస విభజనలో ఒక తెలివి ఉంది. ప్రతి అనువాకం చివరా, ఏ ఏ మాటల దగ్గర యాభై నిండిందో ఆ మాటలనూ, మిగిలిన పదాల లెక్కనూ కలిపి చెబుతారు. అది కూడా పాఠంలో భాగంగానే నోటికి రావాలి. మధ్యలో ఒక్క పదం జారినా లెక్క కుదరదు. కోమటి చిట్టాలో రోజు చివర మొత్తం వేసుకున్నట్టే ఇదీను.

సంత చెప్పే తీరు ఇది. ఉపనయనం అయిన పిల్లవాణ్ణి ఏడెనిమిదేళ్ళ వయసులో గురువు ఎదుట కూర్చోబెడతారు. గురువు ఒక ముక్క ఒకసారి పలుకుతాడు. శిష్యుడు రెండుసార్లు పలుకుతాడు. మొదట రెండేసి మాటలు, తరువాత పాదం, తరువాత వాక్యం, ఆపైన పనస. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అనే మూడు స్వరాలు అక్షరంతో పాటే రావాలి. మొదటి రోజుల్లో గురువు శిష్యుని తల పట్టుకుని స్వరానికి తగినట్టు పైకీ క్రిందికీ వంచడమూ ఉంది. సంత అయిన తరువాత శిష్యుడు ఆ భాగాన్ని రోజుకు పలుమార్లు వల్లె వేయాలి. మరునాడు అప్పచెబితేనే కొత్త పాఠం. పాడ్యమి, అష్టమి, పూర్ణిమ, అమావాస్య మొదలైనవి అనధ్యయన దినాలు, కొత్త పాఠం చెప్పరు. సాధారణంగా మూలం పూర్తి కావడానికే ఎనిమిదేళ్ళు పడుతుంది.

అసలు కష్టం ఆ తరువాత మొదలవుతుంది. కలిసి ఉన్న సంహితను విడివిడి పదాలుగా చెబితే పదపాఠం. తైత్తిరీయానికి పదపాఠం చేసినవాడు ఆత్రేయుడు, ఋగ్వేదానికి శాకల్యుడు. పదాలను రెండేసి చొప్పున గొలుసు కడితే క్రమం: ఒకటి-రెండు, రెండు-మూడు, మూడు-నాలుగు. ప్రతి జంటనూ ముందుకు, వెనుకకు, మళ్ళీ ముందుకు చెబితే జట: ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు. వీటన్నిటికీ పైది ఘన: ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, తరువాత రెండు నుంచి మళ్ళీ మొదలు. మాల, శిఖ, రేఖ, ధ్వజ, దండ, రథ అని మరి ఆరు వికృతులు ఉన్నా, తెలుగునాట బాగా నిలిచినవి క్రమం, జట, ఘన.

పాఠకులు ఒక కాగితం తీసుకుని లెక్క వేసి చూడవచ్చును. క్రమంలో ప్రతి పదమూ రెండుసార్లు వస్తుంది. జటలో ఆరుసార్లు. ఘనలో పదమూడుసార్లు. అంటే లక్షా పదివేల పదాల సంహితను ఘనలో చెప్పాలంటే దాదాపు పధ్నాలుగు లక్షల పదాలు పలకాలి. పదాల వరుస తిరగబడినప్పుడల్లా సంధి మారుతుంది, స్వరమూ మారుతుంది. వెనుకనుంచి చెప్పేటప్పుడు అర్థం ఉండదు కనుక, అర్థం సాయంతో పదాన్ని ఊహించి పూడ్చే వీలు ఉండదు. అదే దీని ప్రయోజనం. మనిషి జ్ఞాపకం చేసే మోసం తెలిసినవాడే ఇటువంటి ఏర్పాటు చేయగలడు. నన్నడిగితే, ఘనను పాండిత్య ప్రదర్శనగా చూడడం పొరపాటు. అది తప్పులు పట్టే యంత్రం.

వ్రాత తెలియక ఇదంతా చేశారా అంటే కాదు. వ్రాత వచ్చిన తరువాత కూడా ఎన్నో శతాబ్దాలు వేదాన్ని వ్రాయడానికి ఇష్టపడలేదు. క్రీ.శ. 671లో భారతదేశానికి బయలుదేరిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, వేదాలు నోటి నుంచి నోటికే వస్తున్నాయని వ్రాశాడు. 1030 ప్రాంతంలో అల్‌బెరూనీ, కాశ్మీరంలో వసుక్రుడనే పండితుడు మరుపుకు భయపడి ఈమధ్యనే వేదాన్ని వ్రాతలో పెట్టాడని చెప్పాడు. పాణినీయ శిక్షలో అధమ పాఠకుల జాబితా ఒకటి ఉంది. రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు చాలనివాడు; వారితో పాటు వ్రాసినదాన్ని చూసి చదివేవాడు కూడా. ఆ లెక్కన రోమన్ లిపి కాగితం చేతబట్టి పూజ చేసుకునే మనం ఏ తరగతిలో పడతామో చెప్పనక్కరలేదు.

పన్నెండేళ్ళు చదివేవాడికి అన్నం ఎవరు పెట్టాలి? చరిత్రలో ఇదే పెద్ద ప్రశ్న. కాకతి రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం దీనికి చక్కని సాక్ష్యం. గణపతిదేవుడు ఇస్తానన్న మందడం గ్రామాన్నీ, దానితో పాటు వెలగపూడినీ విశ్వేశ్వర శివాచార్యునికి ఇచ్చారు. అక్కడి విద్యాలయంలో ఋగ్యజుస్సామ వేదాలకు ముగ్గురు అధ్యాపకులు. సాహిత్యం, ఆగమం వంటి శాస్త్రాలకు ఐదుగురు. ఒక వైద్యుడు, ఒక లెక్కలు వ్రాసేవాడు, అన్నసత్రం, ప్రసూతిశాల కూడా ఉన్నాయి. నేటి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఆ వెలగపూడిలోనే ఉందని తెలిస్తే మన పిల్లలకు ముచ్చటగా ఉండవచ్చును. తరువాతి కాలంలో అగ్రహారాలు, జమీందారుల సంభావనలు ఈ విద్యను నిలిపాయి. గోదావరి తీరాన కోనసీమ దీనికి పేరు పడింది. 1948లో మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం, 1956లో ఆంధ్ర ప్రాంతపు ఇనాముల రద్దు చట్టం వచ్చాయి. రైతుకు న్యాయం చేసిన ఆ చట్టాలే ఈ చదువుకు ఆధారం తీసివేశాయి. రెండూ నిజమే. ఈనాడు తిరుమల తిరుపతి దేవస్థానాల పాఠశాల వంటివి ఆ లోటు కొంత తీరుస్తున్నాయి. 2006లో తిరుపతిలో వేద విశ్వవిద్యాలయం ఏర్పడింది. యునెస్కో 2003లో వేదపఠన సంప్రదాయాన్ని మానవజాతి మౌఖిక వారసత్వ సంపదగా ప్రకటించింది.

ఇక్కడ దాచకుండా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఈ అరుగు మీదకు అందరినీ రానివ్వలేదు. స్త్రీలకు, శూద్రులకు, పంచములకు ఆ పాఠం నిషిద్ధమన్నారు. ఓడలెక్కి వచ్చిన మన పూర్వులలో అత్యధికులు ఆ నిషేధానికి ఇవతల ఉన్నవారే. వారికి దొరికిన ధారణ విద్య వీధిబడి. 1823లో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడుల గురించి నివేదిక పంపాడు. తెలుగు, కన్నడ పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దే పద్ధతినీ, పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పే పద్ధతినీ మెచ్చుకున్నాడు. పద్యాలు మాత్రం చిలకల్లా వల్లిస్తున్నారనీ, అర్థం తెలియదనీ విమర్శించాడు. విమర్శలో సత్యం లేకపోలేదు. కాని చదువు వారికి అక్కడితోనే ఆగిపోయిందన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

1830ల నుంచి మారిషస్‌కు వచ్చిన తెలుగువారు చాలామంది కోరంగి రేవులో ఓడ ఎక్కినవారు. అందుకే ఇక్కడ మనకు కొరింగీలన్న పేరు వచ్చింది. చెరుకు తోటల్లో పగలంతా పని చేసి, రాత్రి దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేశారు. పాట వెంట పాట తెల్లవారేదాకా. తాళం, అడుగు, పల్లవిని గుంపు తిరిగి అందుకోవడం, ఇవే వారికి జట, ఘన. ముందు పాడేవాడు మాట మరచిపోతే వెనుకవారు అందించేవారు. అయితే లెక్క చూసే పనస దీనికి లేదు. తాతకు తెలుగు ఇంటి భాష. మనవడికి క్రియోల్ ఇంటి భాష. అర్థం తెలిసినవారు తగ్గిన కొద్దీ మాట అరుగుతుంది, రెండు ఊళ్ళలో రెండు తీరులుగా మారుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు.

చేయవలసినది ఉంది. పాత భజనలు వచ్చిన పెద్దలు ఒకే సభలో కూర్చున్నప్పుడు ఒకరిచేత పాడించి, మరొక ఊరి వారిచేత అదే పాట పాడించాలి. తేడా వచ్చిన చోట ఆపి, రెండు పాఠాలూ తెలుగు లిపిలో వ్రాసుకోవాలి. ఏది సరైనదో అక్కడికక్కడే తేల్చనక్కరలేదు. గొంతు కూడా రికార్డు చేయాలి. అడుగు ఎక్కడ పడుతుందో కాగితం చెప్పదు. ఆ తరువాత పిల్లల్ని కూర్చోబెట్టి, పెద్దలు ఒకసారి అంటే వారిచేత రెండుసార్లు అనిపించాలి.