తండ్రి పేరు దగ్గర ఆగిన కథలు

ఆర్మూరు చుట్టుపక్కల పల్లెల్లో తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టిన పసుపు కొమ్ము నిజామాబాద్ యార్డుకు పోతుంది. అక్కడ ధర గిట్టకపోతే మహారాష్ట్రలోని సాంగ్లీకి లారీ ఎక్కుతుంది. ఈ సీమకు మరాఠీ కొత్త కాదు, ఉర్దూ అసలే కాదు. బజార్లో, బీడీ కార్ఖానాలో, దర్గా ఉర్సులో తెలుగుతో కలిపి మూడు భాషలూ కలిసే బతికాయి. అయినా ఇదే పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలు, జనం నోట వీడీసీలు, మాట వినని కుటుంబాలనూ కులాలనూ వెలివేసిన వార్తలు ఈ శతాబ్దంలోనూ వస్తున్నాయి. ఇంత కలగలిసిన చోట ఇంత వెలి ఎందుకన్న ప్రశ్నను తెలుగు కథ నూరేళ్లుగా వదలలేదు.

1922 నాటి ఉన్నవ లక్ష్మీనారాయణ నవల 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నవల గొప్పదే, కానీ దళిత వాడను ప్రేమతో చూసిన ఆ కళ్లు వాడ బయటివి. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి చూపు మరింత దగ్గరిది. కవి దాశరథి కృష్ణమాచార్యతో పాటు నిజామాబాద్ జైలులో ఉన్న ఆయన, నేరస్తులన్న ముద్ర పడ్డ మనుషులనే 'జైలు లోపల' కథల్లోకి తెచ్చారు. దాశరథి రంగాచార్య నవల 'చిల్లరదేవుళ్లు' దొర గడీలో ఊడిగం చేసే ఆడబాప గోడు వినిపించింది. రక్తం కలవడానికి దొరకు అభ్యంతరం లేదు, కలిసిన రక్తానికి పేరూ వాటా ఇవ్వడానికే అభ్యంతరం. నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్ కథలు' హైదరాబాదులో హిందూ ముస్లిం ఇళ్ల చనువును, దానికి తగిలిన గాయాలను రాశాయి.

నిజామాబాద్ జిల్లాకు అన్నిటికన్నా దగ్గరి గాయం, ఆడపిల్లను దేవతకు అర్పించే జోగిని ఆచారం. పండగనాడు జోగిని నుదుట పసుపు బండారు పూసి ఊరంతా మొక్కుతుంది. తెల్లారితే ఆమె దళిత వాడలో ఒంటరి ఆడది, ఆమె బిడ్డకు బడి రిజిస్టరులో రాయడానికి తండ్రి పేరు ఉండదు. ఆ తండ్రి చాలాసార్లు పై కులంవాడు, అదే ఊళ్లో పెద్దమనిషి. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ ఆచారాన్ని చట్టంతో నిషేధించింది. వర్ని ప్రాంతంలో లవణం, హేమలత దంపతులు 'సంస్కార్' సంస్థ ద్వారా జోగినుల మధ్య పనిచేశారు. ఈ జిల్లా జోగినుల బతుకునే వి. శాంతి ప్రబోధ 'జోగిని' నవలగా రాశారు. పెద్ద పత్రికల విమర్శకులు దాన్ని ఇంకా ఎక్కువగా పట్టించుకోవలసింది.

2000లో వచ్చిన వేముల ఎల్లయ్య 'కక్క', కల్యాణరావు 'అంటరాని వసంతం'తో వాడ తానే కలం పట్టింది. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', స్కైబాబ 'అధూరె', వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' తెలుగు ముస్లిం ఇంటిని లోపలి నుంచి చూపాయి. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష అయినవాడి కథ అతని నోటనే వినబడింది.

జోగిని బిడ్డలు, వీడీసీ వెలికి గురైన ఇళ్ల పిల్లలు ఇప్పుడు డిగ్రీలు చదువుతున్నారు. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం తెలుగు శాఖ వాళ్లను వెతికి పట్టుకోవాలి, వాళ్ల ఊళ్లకు పోయి కూర్చోవాలి, వాళ్ల చేతనే రాయించాలి.