తల నరికితే చిగిర్చే చెట్టు

బెంగళూరులో సిల్క్ బోర్డు అనగానే ఇప్పుడు గుర్తొచ్చేది వాహనాల రద్దీ. ఆ పేరు వెనుక ఒక చెట్టు ఉందనీ, దాని బతుకంతా కత్తివేటులతోనే గడుస్తుందనీ తలచుకునేవాళ్లు తక్కువ. అది మల్బరీ. కన్నడంలో హిప్పునేరళె, మనకు కంబళిపండు చెట్టు.

శిడ్లఘట్ట, చింతామణి వైపు పట్టుపురుగులు పెంచే రైతుల్లో ఎందరికో ఇంటిభాష తెలుగే. అక్కడ మల్బరీ పొదలాగానే కనిపిస్తుంది. కోయకుండా వదిలేస్తే 30 అడుగులు దాటి పెరిగే మాను అది! కానీ పురుగుకు కావలసింది లేత ఆకు. ముదురు కొమ్మకు వచ్చే ఆకు చిన్నది, గరుకు. కొమ్మలు కోసేస్తే బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలు లేస్తాయి. వేళ్లలో దాచుకున్న బలమంతా కొత్త రెమ్మలకు పోతుంది. నీటి వసతి ఉంటే ఏడాదికి ఐదారు కోతలు.

ఐరోపాలో వాగుల ఒడ్డున విల్లో చెట్లకు చేసేదీ ఇదే. మనిషి తలెత్తున నరుకుతారు. అంతకంటే కింద నరికితే చిగురు పశువుల పాలు. పైన అయితే బుట్టలల్లే బెత్తాలు దక్కుతాయి. ఏళ్లతరబడి ఒకేచోట కోయగా మాను కొన పిడికిలిలా ఉబ్బుతుంది. 1882లో హేగ్‌లో వాన్ గో చిత్రించింది అటువంటి చెట్టునే. మన వీధుల్లో కరెంటు తీగల కింద చెట్లను ఒక పక్కగా నరికేయడం ఈ విద్య కాదు. లేత వయసులో మొదలుపెట్టి, ఎప్పుడూ అదే చోట కోస్తే గాయం మానుతుంది. ముదిరిన పెద్దకొమ్మను నరికితే లోపల పుచ్చు పడుతుంది.

మైసూరు సీమలో పట్టుకు ఊతమిచ్చినవాడు టిప్పు సుల్తాన్. తర్వాత జంషెట్‌జీ టాటా 1893లో జపాన్ వెళ్లాడు. ఆ దశాబ్దంలోనే మైసూరు ప్రభుత్వం ఇచ్చిన భూమిలో, బసవనగుడి పక్కన, జపాను నిపుణులతో పట్టు క్షేత్రం నెలకొల్పాడు. మల్బరీని నేలబారున, నడుమెత్తున, తలెత్తున అని మూడు ఎత్తుల్లో కోయడం జపానువాళ్ల ఆనవాయితీ. 1910లో ఆ క్షేత్రం సాల్వేషన్ ఆర్మీ చేతికి వెళ్లింది. ఇప్పుడక్కడ ఆకూ లేదు, పురుగూ లేదు. ‘టాటా సిల్క్ ఫారం’ అన్న పేరు మాత్రం పేటకు మిగిలింది.

ఆ ఎత్తుల లెక్క ఇవాళ కోలారు, చిక్కబళ్లాపురం రైతులకు మళ్లీ అవసరమైంది. బోర్లు 1000 అడుగులు దాటినా నీళ్లు పడని నేల అది. దగ్గర దగ్గరగా నాటిన పొదతోట తరచుగా తడి అడుగుతుంది. ఎడం ఎడంగా నాటి, కొన్ని అడుగుల మాను నిలిపి తల కోస్తుంటే వేరు లోతుకు దిగి, తక్కువ నీటితో నెట్టుకొస్తుంది. పొదలు పీకి మానులు నిలబెట్టుకుంటున్నవాళ్లు అందుకే ఉన్నారు. మొదటి ఏళ్లలో ఆకు తక్కువ. అప్పున్న ఇంటికి అదొక పరీక్షే.

ఫొటో తీయదలచినవాళ్లు కోత అయిన మర్నాడే, ఎండ ఏటవాలుగా ఉన్న వేళ వెళ్లాలి. మూడు వారాలు ఆలస్యమైతే ఆ పిడికిళ్లన్నీ ఆకుల్లో దాగిపోతాయి.