ములికి

మహాసభా సంచికలయందు వంశములను గూర్చియు బిరుదములను గూర్చియు వ్రాయుట పరిపాటి. పూర్వులు విల్లమ్ములు దాల్చినవారని చెప్పుకొనుట మనకందఱకును ప్రియమే. మేము అమ్మును విడిచి దాని కొనను మాత్రము, అనఁగా ములికిని, పరిశీలింప నెంచితిమి.

బాణాగ్రమున నమర్చిన యినుపమొన ములికి. ఈ మాట ముల్లునకు చుట్టము. తమిళమునను ప్రాచీన కన్నడమునను ముళ్ అన ముల్లే. నేఁటికిని మనసు నొప్పించు పలుకులను ములుకులందుము. ఎడ్లను దోలు ములుకోలయు నీ కుదుటిదే. కఱ్ఱకొనను మేకు గ్రుచ్చిన ములుకోలకును, పుల్లకొనను మొన తొడిగిన బాణమునకును ఆకారమున భేద మెంత? రెంటికిని ఇనుము సాఁగఁగొట్టినవాఁడు కమ్మరియే.

ఇది యేల చెప్పవలసె ననఁగా, 1901 జనాభా లెక్కలలో కులములను గౌరవక్రమమున వరుసపఱుపఁ బూనినంతనే దేశమంతటను విన్నపములు వెల్లువయ్యెను. పెక్కింట శబ్దవ్యుత్పత్తియే సాక్ష్యము. ఆయుధవాచకమొకటి దొరకిన క్షత్రియత్వము సిద్ధించినట్లే! కాని ములికి సాక్ష్యమునకు వచ్చినచో, విలుకానితోపాటు అరకదున్నువానిని గూడ వెంటఁబెట్టుకొని వచ్చును. అందు సిగ్గుపడవలసిన దేమియు మాకుఁ గనఁబడదు.

ములికికే అలుగనియుఁ బేరు. తమిళమున అలకు, కన్నడమున అలగు. అర్థము మొన, వాదర. చీమలఁ దిను పొలుసుల జంతువును మనకు అలుగే. దాని పొలుసులు బాణపు మొనలవలె నుండుటచే నా పేరు వచ్చెనని చెప్పుట సులభము, వినుట కింపు. అయితే తమిళమున నా జంతువు అలుంగు, ఆయుధపు మొన అలకు. వేర్వేఱు మాటలు తెలుఁగున నొక్కరూపు దాల్చినట్లున్నది. చెఱువున మిగులునీరు పొర్లు అలుగు సంగతి యిచ్చట నెత్తుకొనము.

సంస్కృతమున ములికి శల్యము. బాణపు మొన యను నర్థమునుండి, దేహమున నాటుకొని బాధించు ప్రతిదియు శల్యమైనది. ముండ్లు గల యేదుపంది శల్యకము. శల్యమును వెలికిఁ దీయు విద్య శల్యతంత్రము. ఆయుర్వేదపు 8 అంగములలో సుశ్రుతసంహిత దీనినే మొదట నిలిపినది. తీయుటకు 15 ఉపాయములు చెప్పి, అందు సూదంటురాతిని గూడఁ జేర్చినది. 101 యంత్రములలో కంకపక్షి ముక్కువంటి కంకముఖమే మేలన్నది. లోతునకు దిగి, గట్టిగాఁ బట్టి, సులువుగా వెలికి వచ్చునఁట. యుద్ధభూమిలో గాయపడినవాని ప్రాణము ఆ పట్టుకారుపై నాధారపడెడిది. తెలుఁగున శల్యమన నెముక యను నర్థమే మిగిలెను. శల్యపరీక్ష యని నిత్యము పలుకుచునే యుందుము. అందలి ములికిని మఱచితిమి.

ములుకోల మేకునకు మీ యూరి కొలిమియొద్ద వేఱుపేరు వినియున్న పెద్దలు సంచికా సంపాదకులకు వ్రాసి పంపఁ బ్రార్థించుచున్నాము.