ఆరోగ్య రంగంలో మానవ వనరుల అధికారులకు నాయకత్వ శిక్షణ: తెలుగు నేలపై దాని చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఆరోగ్య రంగంలో సిబ్బంది వ్యవహారాలు చూసే పైస్థాయి అధికారుల బాధ్యత కాలక్రమంలో ఎలా మారిందో వివరించగలుగుతారు.
• హైదరాబాద్‌లో వెలసిన శిక్షణ సంస్థల పాత్రను గుర్తించగలుగుతారు.
• శిక్షణకు, నిర్ణయాధికారానికి ఉన్న సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

ఖమ్మం జిల్లాలో సత్తుపల్లికి దక్షిణాన, ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొని వేంసూరు మండలం ఉంది. అక్కడి నుంచి సత్తుపల్లి, అశ్వారావుపేటల మీదుగా భద్రాచలం వైపు సాగితే అటవీ ప్రాంతం మొదలవుతుంది. ఇలాంటి చోట ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ఊహించుకోండి. వైద్యాధికారి, స్టాఫ్ నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, ఏఎన్ఎంలు అక్కడ ఉండాలి. ఒక పోస్టు ఖాళీగా ఉందనుకుందాం. జ్వరంతో వచ్చిన మనిషికి కనిపించేది ఖాళీ కుర్చీ మాత్రమే. ఆ ఖాళీ వెనుక ఒక ఫైలు, ఆ ఫైలు వెనుక ఒక అధికారి ఉంటారు. ఆ అధికారికి ఏ శిక్షణ ఇచ్చారు, ఏ అధికారం ఇచ్చారు అన్నదే ఈ పాఠంలోని ప్రధాన ప్రశ్న.

ప్రభుత్వ ఆరోగ్య శాఖలో చాలాకాలం ‘హెచ్.ఆర్. మేనేజర్’ అనే పేరుతో ఎవరూ లేరు. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి, ఆసుపత్రి సూపరింటెండెంట్, పరిపాలనాధికారి, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్ కలిసి ఆ పని చేసేవారు. ఈ పాఠంలో ‘మానవ వనరుల అధికారులు’ అంటే వీరందరూ అని గ్రహించండి.

2. నిబంధనలే శిక్షణగా ఉన్న కాలం

1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వ్యవస్థకు పునాది వేసింది. తరువాతి దశాబ్దాలలో మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాలలో 20,000 జనాభాకు ఒక కేంద్రం అనే ప్రమాణం స్థిరపడింది. కేంద్రాలు పెరిగిన కొద్దీ సిబ్బందీ పెరిగారు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ సూచన మేరకు, ఒక్కో వ్యాధికి ఒక్కో కార్యకర్త అన్న పద్ధతి స్థానంలో బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్తలు వచ్చారు. వేర్వేరు విభాగాలలో పనిచేసినవారిని ఒకే బృందంగా మలచవలసి వచ్చింది. ఇది నాయకత్వానికి సంబంధించిన పని. అయితే కార్యాలయాలలో దీనిని ఎక్కువగా సర్వీసు నిబంధనల వ్యవహారంగానే చూశారు.

ఆ నిబంధనలలో అతి ముఖ్యమైనది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1975 అక్టోబరు 18న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన ఈ ఉత్తర్వు ఉద్యోగాలను స్థానిక క్యాడర్లుగా విభజించింది. ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాలు ఐదో జోన్‌లో చేరాయి. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు గతంలో వేంసూరు నియోజకవర్గం నుంచే శాసనసభకు ఎన్నికైన నాయకుడు.

స్థానికులకు న్యాయం చేయడం ఈ ఉత్తర్వు ఉద్దేశం. సిబ్బంది అధికారి దృష్టితో కూడా దీనిని చూడండి. జోనల్ పోస్టు విషయంలో ఆదిలాబాద్ వాసి, ఖమ్మం వాసి ఇద్దరూ స్థానికులే. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఉద్యోగి వేంసూరులో కుటుంబంతో స్థిరపడతాడా, తొలి బదిలీ కోసం ఎదురుచూస్తాడా అన్నది ఉత్తర్వులో ఉండదు. సీనియారిటీ జాబితా, రోస్టరు తప్పు లేకుండా తయారుచేసిన అధికారి సమర్థుడిగా పేరు పొందేవాడు. ఆ ఉద్యోగి అక్కడ ఎందుకు నిలవలేదని మాత్రం ఆయనను ఎవరూ అడిగేవారు కాదు.

3. హైదరాబాద్‌లో రెండు ప్రయోగాలు

నాయకత్వాన్ని నేర్పవచ్చన్న ఆలోచన ఆరోగ్య శాఖలో పుట్టలేదు. అది పరిశ్రమలు, పరిపాలన రంగాల నుంచి వచ్చింది. ఇందులో హైదరాబాద్‌కు ప్రత్యేక స్థానం ఉంది.

మొదటి ప్రయోగం 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా. బెరార్ యువరాజు నివసించిన బెల్లావిస్టా భవనం దీనికి నిలయమైంది. సైన్యాధిపతిగా పదవీ విరమణ చేసిన జనరల్ ఎస్.ఎం. శ్రీనగేశ్ తొలినాళ్లలో ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఇంగ్లండులోని హెన్లీలో 1948లో తరగతులు ప్రారంభించిన స్టాఫ్ కాలేజీ దీనికి నమూనా. అక్కడి ‘సిండికేట్’ పద్ధతిలో ప్రభుత్వ అధికారులు, కంపెనీ మేనేజర్లు సుమారు పదిమంది చొప్పున బృందాలుగా కూర్చుంటారు. ఒక్కో అంశానికి ఒక్కొక్కరు అధ్యక్షత వహిస్తారు. అధ్యాపకుడి ఉపన్యాసం కంటే తోటి అధికారి అనుభవం నుంచి ఎక్కువ నేర్చుకోవాలన్నది దాని సూత్రం. ఇంటి శాఖలో పై మాటకు తలూపే అధికారి ఇక్కడ తన అభిప్రాయాన్ని సమానుల మధ్య నిలబెట్టుకోవలసి వచ్చేది.

రెండవది 1960ల మధ్యకాలంలో జరిగింది. యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులకు సాధన ప్రేరణ శిక్షణ ఇచ్చింది. శిక్షణ తరువాత వారి వ్యాపార కార్యకలాపాలను శిక్షణ పొందనివారితో పోల్చి చూశారు. 1969లో ప్రచురితమైన ఈ అధ్యయనం ప్రకారం శిక్షణ పొందినవారిలో చురుకుదనం పెరిగింది. అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది: తమ సంస్థలో నిర్ణయాధికారం ఉన్నవారిలోనే శిక్షణ ఫలితం స్పష్టంగా కనిపించింది. ఈ అంశాన్ని గుర్తుంచుకోండి. పాఠం చివరలో దీని అవసరం వస్తుంది.

4. ఆరోగ్య రంగంలోకి శిక్షణ

ఆరోగ్య పరిపాలనను ఒక విద్యగా గుర్తిస్తూ 1964లో ఢిల్లీలో జాతీయ ఆరోగ్య పరిపాలన, విద్యా సంస్థ ఏర్పడింది. 1977లో అది జాతీయ కుటుంబ నియంత్రణ సంస్థతో కలిసి జాతీయ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థగా మారింది. హైదరాబాద్‌లో ఇదే బాధ్యతను రాష్ట్ర స్థాయిలో నిర్వహించే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ అండ్ ఫ్యామిలీ వెల్ఫేర్ ఏర్పడింది. అది ఉన్న కాలనీ పేరు వెంగళరావు నగర్. వేంసూరు ప్రతినిధి పేరు మీద వెలసిన కాలనీలోనే వేంసూరు వైద్యాధికారి శిక్షణకు కూర్చోవడం చరిత్రలో ఒక చిన్న యాదృచ్ఛికం.

1986 సంవత్సరం ఈ కథలో కీలకమైనది. ఆ ఏడాది విజయవాడలో ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆరోగ్య సిబ్బంది ప్రణాళిక, తయారీ, నిర్వహణలపై బజాజ్ కమిటీ జాతీయ స్థాయిలో దృష్టి సారించింది. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్ చట్టం వచ్చింది. జిల్లా, ఏరియా ఆసుపత్రులను ప్రత్యేక పరిషత్ కిందికి తెచ్చి, వాటికి కొంత స్వయంప్రతిపత్తి కల్పించడం దీని లక్ష్యం. మందు రాసే డాక్టరు ఆసుపత్రిని నడిపే అధికారిగా కూడా మారాలన్న ఆలోచన ఇక్కడ స్పష్టమైంది. 1990లలో ప్రపంచ బ్యాంకు రుణంతో ఈ ఆసుపత్రులను మెరుగుపరచినప్పుడు భవనాలు, పరికరాలతో పాటు నిర్వహణ సామర్థ్యం పెంపు కూడా అందులో భాగమైంది.

ఇదే కాలంలో కార్పొరేట్ ఆసుపత్రులు వచ్చాయి. 1988లో హైదరాబాద్‌లో అపోలో ఆసుపత్రి ప్రారంభమైంది. నియామకం, జీతం, పదోన్నతి, నర్సుల వలస వంటి విషయాలు ప్రత్యేక హెచ్.ఆర్. విభాగాల పనిగా మారాయి. హాస్పిటల్ మేనేజ్‌మెంట్ కోర్సులు విస్తరించాయి.

5. 2005 తరువాత

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ రాకతో ఆశా కార్యకర్తలు, కాంట్రాక్టు ఉద్యోగులు పెద్ద సంఖ్యలో చేరారు. ఒకే గదిలో రెగ్యులర్, కాంట్రాక్టు ఉద్యోగులు వేర్వేరు జీతాలకు దాదాపు ఒకే పని చేసే పరిస్థితి ఏర్పడింది. ఇలాంటి బృందాన్ని కలిసికట్టుగా నడపడానికి సర్వీసు నిబంధనల పుస్తకం చాలదు. 2008లో హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ప్రారంభమైంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రతి రాష్ట్రంలో ప్రజారోగ్య నిర్వహణ క్యాడర్ ఉండాలని సూచించింది. 2022లో కేంద్రం దానికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఈలోగా తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా 7 జోన్లు, 2 మల్టీజోన్లు వచ్చాయి. 2022లో కొత్తగూడెంలో, 2023లో ఖమ్మంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి.

6. చరిత్ర చెప్పే పాఠం

ఇప్పుడు కాకినాడ ప్రయోగాన్ని గుర్తుచేసుకోండి. శిక్షణ మనిషిని మారుస్తుంది. కానీ మారిన మనిషి చేతిలో నిర్ణయాధికారం లేకపోతే ఆ మార్పు తరగతి గది దాటి రాదు. మన ఆరోగ్య శాఖలో శిక్షణ ఒక దారిన, అధికారం మరొక దారిన నడిచాయి. జిల్లా అధికారికి బృంద నాయకత్వం నేర్పారు. పోస్టు మంజూరు ఆర్థిక శాఖ చేతిలో, క్యాడర్ రాష్ట్రపతి ఉత్తర్వు పరిధిలో, సాధారణ బదిలీలు రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయంలో ఉండిపోయాయి. శిక్షణ పొందిన అధికారే బదిలీ అయితే, నేర్చుకున్నది కూడా ఆయనతో పాటే వెళ్లిపోతుంది.

అంటే శిక్షణ వృథా అని అర్థం కాదు. జిల్లా అధికారి చేయగలిగిన పనులు ఇప్పటికీ ఉన్నాయి. మారుమూల కేంద్రానికి వచ్చిన కొత్త నర్సుకు క్వార్టరు చూపించడం, సెలవు మంజూరులో జాప్యం లేకుండా చూడటం, ఏఎన్ఎం ఫిర్యాదును కూర్చోబెట్టి వినడం, డిప్యుటేషన్ పేరుతో అడవి అంచు కేంద్రం నుంచి పట్టణానికి సిబ్బందిని తరలించకుండా ఆపడం అలాంటివే. నాయకత్వ శిక్షణకు అసలు పరీక్ష ధ్రువపత్రం కాదు. ఏడాది తరువాత ఆ కేంద్రంలో ఎంతమంది నిలిచారన్నదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సిండికేట్ పద్ధతి అంటే ఏమిటి?
2. కాకినాడ ప్రయోగంలో శిక్షణ ఫలితం ఎవరిలో స్పష్టంగా కనిపించింది?
3. మీ సమీపంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి సిబ్బంది వివరాలు అడిగి తెలుసుకోండి. మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారు, ఒకే చోట మూడేళ్లకు పైగా ఉన్నవారు ఎంతమందో రాసుకోండి.

సారాంశం

ఆరోగ్య రంగంలో సిబ్బంది నిర్వహణ నిబంధనల అమలుతో మొదలై నాయకత్వ శిక్షణ వరకు వచ్చింది. 1956 నాటి స్టాఫ్ కాలేజీ, 1960ల కాకినాడ ప్రయోగం, 1986 వైద్య విధాన పరిషత్ చట్టం, 2005 ఆరోగ్య మిషన్ ఇందులో ముఖ్య ఘట్టాలు. శిక్షణతో పాటు నిర్ణయాధికారం, పదవిలో కొంత స్థిరత్వం కూడా ఇచ్చినప్పుడే దాని ఫలితం వేంసూరు వంటి అంచు ప్రాంతానికి చేరుతుంది.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ఆరోగ్య శాఖ సిబ్బంది నిర్వహణపై చూపిన ప్రభావాన్ని చర్చించండి.
2. ‘అధికారం లేని శిక్షణ అసంపూర్ణం.’ తెలుగు ప్రాంతాల ఆరోగ్య పరిపాలన చరిత్ర ఆధారంగా ఈ వాక్యాన్ని పరిశీలించండి.