సరస్ డి. సరస్వతి

సరస్ డి. సరస్వతి అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన డార్డెన్ వాణిజ్య కళాశాలలో వ్యవస్థాపకత (ఆంట్రప్రెన్యూర్‌షిప్) విషయంలో ఆచార్యురాలు. కొత్త వ్యాపారాలు ఎలా పుడతాయో వివరించే 'ఎఫెక్చుయేషన్' సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన వ్యక్తిగా ఈమె ప్రసిద్ధి చెందారు.

విద్య, ఉద్యోగం

ఈమె బొంబాయి విశ్వవిద్యాలయం నుండి వాణిజ్యశాస్త్రంలో పట్టా పొందారు. అనంతరం అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర విద్య అభ్యసించి, అక్కడే 1998లో డాక్టరేటు పొందారు. ఈమె పరిశోధనకు మార్గదర్శకుడు, 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన హెర్బర్ట్ సైమన్. నిపుణులు ఎలా ఆలోచిస్తారన్నది సైమన్ చిరకాలం అధ్యయనం చేసిన విషయం. అదే ప్రశ్నను సరస్వతి వ్యాపార స్థాపకులకు అన్వయించారు. తరువాత వాషింగ్టన్, మేరీలాండ్ విశ్వవిద్యాలయాలలో బోధించి, డార్డెన్ కళాశాలలో చేరారు.

పరిశోధన

అమెరికాలో 20 కోట్ల నుండి 650 కోట్ల డాలర్ల స్థాయి సంస్థలను నడిపిన 27 మంది వ్యవస్థాపకులను ఈమె ఎంపిక చేసుకున్నారు. వారందరికీ ఒక ఊహాజనిత వస్తువును, దానిని మార్కెట్‌లోకి తేవడంలో ఎదురయ్యే 10 సమస్యలను ఇచ్చి, మనసులోని ఆలోచనలను పైకి చెబుతూ పరిష్కరించమన్నారు. మార్కెట్‌ను ముందుగా అంచనా వేసి, ఆ లెక్కల ప్రకారం పెట్టుబడి సమకూర్చుకోవడం పాఠ్యపుస్తకాలలోని పద్ధతి. అనుభవజ్ఞులలో అధికులు ఆ దారిలో వెళ్ళలేదు. తామెవరు, తమకేమి తెలుసు, తమకెవరు తెలుసు అన్న మూడు ప్రశ్నలతో మొదలుపెట్టారు.

సిద్ధాంతం

ఈ పరిశీలనల ఆధారంగా 2001లో 'అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ రివ్యూ' పత్రికలో వెలువడిన వ్యాసం ఈమెకు పేరు తెచ్చింది. అందులోని ఉదాహరణ వంటకు సంబంధించినది. వంటకం ముందే నిర్ణయించుకొని సరుకులు కొనితెచ్చుకోవడం ఒక పద్ధతి. ఇంట్లో ఉన్న సరుకులు చూసుకొని ఏమి వండవచ్చో ఆలోచించడం మరొక పద్ధతి. ఈ రెండవదే ఎఫెక్చుయేషన్. దీనికి ఐదు సూత్రాలున్నాయి:

* చేతిలోని పక్షి: ఉన్న వనరులతోనే ప్రారంభించడం.
* భరించగల నష్టం: ఎంత లాభం వస్తుందని గాక, ఎంత పోయినా తట్టుకోగలమని చూసుకోవడం.
* అతుకుల బొంత: కలిసివచ్చే భాగస్వాములతో ఒప్పందాలు కుదుర్చుకోవడం.
* నిమ్మరసం: అనుకోని అవాంతరాలను అవకాశాలుగా మలచుకోవడం.
* విమాన చోదకుడు: భవిష్యత్తును ఊహించడం కంటే తన అదుపులో ఉన్న పనులపై దృష్టి నిలపడం.

2009లో సహ పరిశోధకులతో ప్రచురించిన వ్యాసంలో ఈ 27 మందిని 37 మంది ఎం.బి.ఏ. విద్యార్థులతో పోల్చారు. విద్యార్థులు మార్కెట్ అంచనాలను యథాతథంగా స్వీకరించగా, అనుభవజ్ఞులు వాటిని అంతగా నమ్మలేదు. ఈ ఆలోచనా విధానం పుట్టుకతో వచ్చే ప్రతిభ కాదని, నేర్పదగిన విద్య అని సరస్వతి వాదన. 2011లో ఎస్. వెంకటరామన్‌తో కలిసి వ్రాసిన వ్యాసంలో, శాస్త్రీయ పద్ధతి వలె వ్యవస్థాపకతను కూడా అందరికీ బోధించవచ్చునని ప్రతిపాదించారు.

విమర్శలు

ఈ సిద్ధాంతానికి అనుభవపూర్వక ఆధారాలు చాలవని రిచర్డ్ అరెండ్ తదితరులు 2015లో అదే పత్రికలో విమర్శించారు. విజయం సాధించినవారినే పరిశీలించినప్పుడు, వారి పద్ధతే విజయానికి కారణమని తేల్చడం కష్టమన్న సందేహమూ ఉంది. అయితే ఈ పరిశోధన ప్రధానంగా నిపుణుల ఆలోచనా సరళిని వర్ణించేదే గాని, విజయానికి హామీ ఇచ్చేది కాదు.

గ్రంథాలు, పురస్కారాలు

ఈమె గ్రంథం 'ఎఫెక్చుయేషన్: ఎలిమెంట్స్ ఆఫ్ ఆంట్రప్రెన్యూరియల్ ఎక్స్‌పర్టీజ్' 2008లో వెలువడింది. సహ రచయితలతో కలిసి 'ఎఫెక్చువల్ ఆంట్రప్రెన్యూర్‌షిప్' అనే పాఠ్యగ్రంథం వ్రాశారు. స్వీడన్ నుండి ప్రదానం చేసే 'గ్లోబల్ అవార్డ్ ఫర్ ఆంట్రప్రెన్యూర్‌షిప్ రీసెర్చ్' 2022లో ఈమెకు లభించింది.