కట్ట మైసమ్మ

తెలంగాణలో చెరువు కట్టకు కావలి ఉండే గ్రామదేవత కట్ట మైసమ్మ. మైసమ్మ పేరుతో పూజలందుకునే అమ్మవార్లు పొలిమేరలో, కోట గోడ పక్కన, గని ముఖద్వారం దగ్గర కూడా ఉన్నారు. కట్ట మైసమ్మకు మాత్రం ఒకటే పని: కట్ట తెగకుండా చూడడం. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో పాత చెరువున్న ఊళ్ళో కట్ట మీద ఆమె గుడి కనిపించడం మామూలే.

పాత పద్ధతిలో గుడి అంటే గోపురం కాదు. తూము పక్కనో మత్తడి దగ్గరో వేపచెట్టు కింద ఒక రాయి, దానికి పసుపు పూత, కుంకుమ బొట్లు, అంతే. సిమెంటు గుడి, రంగులద్దిన విగ్రహం తర్వాత వచ్చాయి. పెద్ద కొలుపుల్లో జమిడిక వాయిస్తూ అమ్మవారి కథ చెప్పేది బైండ్లవారు. ఆషాఢంలో ఆడవాళ్ళు బోనం ఎత్తుకొస్తారు, కల్లు సాక పోస్తారు, మొక్కున్నవాళ్ళు కోడినో యాటనో కోస్తారు. అమ్మవారికి తమ్ముడైన పోతరాజు ముందు నడుస్తాడు. ఊరికి కీడు సోకకుండా పొలిమేర చుట్టూ పొలి చల్లే ఆచారమూ ఈ కొలుపులోదే. 2014లో బోనాలను తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించింది. దాంతో హైదరాబాదు నగరంలోని పెద్ద గుళ్ళకు పేరు పెరిగింది కానీ, కట్ట మీది రాయి గురించి రాసినవాళ్ళు తక్కువ.

ఈ దేవత పుట్టుక ఏ శాసనంలోనూ వెతకనక్కరలేదు, చెరువుల చరిత్రలోనే ఉంది. దక్కన్ పీఠభూమిలో వ్యవసాయం వాన నీటిని ఆపుకుంటేనే సాగింది. చాళుక్యుల కాలంలో పొట్టలకెరెగా శాసనాలకెక్కిన పటాన్‌చెరు పేరులోనే చెరువుంది. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితే నీళ్ళు కింది చెరువులోకి చేరతాయి, పై కట్ట తెగితే ఆ వరద కింది కట్టలనూ తెంపుతుంది. మట్టితో కట్టిన గట్టు ఒక్క రాత్రి కుండపోతకు పోవచ్చు, దానితో ఆ ఏడు పంటా పోతుంది. కట్టను తవ్వితే, దాని మీది చెట్టు కొడితే అమ్మ ఊరుకోదన్న భయం ఆ మట్టిగట్టుకు చట్టంలా పనిచేసింది. మైసమ్మ కొలుపును మూఢనమ్మకమని తోసిపారేసినవాళ్ళు ఈ సంగతిని సరిగా పట్టించుకోలేదు.

కట్ట నిలవాలంటే ప్రాణం కావాలన్న కథలు తెలుగునాట చాలా ఉన్నాయి. వాటిలో పేరుపొందినది అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం ముసలమ్మది. చెరువుకు గండి పడబోతే, ఆ ఊరి బసిరెడ్డి చిన్న కోడలైన ఆమె ఊరి కోసం ఆ గండికి తనను తాను అర్పించుకుందని జనం చెప్పుకుంటారు. కట్టమంచి రామలింగారెడ్డి తన ‘ముసలమ్మ మరణము’ కావ్యానికి ఈ కథనే తీసుకున్నారు. యూరప్‌లోనూ ఇలాంటి కథలున్నాయి. గ్రీసులో ఆర్తా వంతెన, అల్బేనియాలో రోజాఫా కోట, రొమేనియాలో మనోలె మేస్త్రి కట్టిన మఠం, మూడు కథల్లోనూ పగలు కట్టింది రాత్రికి కూలిపోతుంది, చివరికి మేస్త్రి భార్యనో కట్టేవాళ్ళ ఇంటి కోడలినో గోడలో పెట్టి కడితేనే నిలుస్తుంది. అయితే ఆ స్త్రీలు పాటల్లో శోకమూర్తులుగా మిగిలారు. ముసలమ్మ ఊరి దేవత అయి ఇప్పటికీ పూజలందుకుంటోంది.

నీటి శక్తుల విషయానికొస్తే, రష్యా జానపదుల వోద్యనోయ్‌ను మైసమ్మ పక్కన పెట్టి చూడాలి. నీటిమిల్లు మడుగుల్లో ఉండే ఈ ముసలి భూతం కోపమొస్తే ఆనకట్టను తెంపుతుందని, మనుషులను నీళ్ళలోకి లాగుతుందని నమ్మేవారు. మిల్లువాళ్ళు దానికి కానుకలిచ్చి శాంతపరిచేవారు. కానుకలు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. కానీ వోద్యనోయ్ ఆనకట్టకు శత్రువు, మైసమ్మ కట్టకు కాపలాదారు.

గని దగ్గరి మైసమ్మకూ ఇలాంటి పోలికే ఉంది. జర్మనీ గనుల్లో కోబోల్డ్ అనే దయ్యం మంచి లోహాన్ని దొంగిలించి పనికిరాని విషపు రాయిని వదిలిపోతుందని గని కార్మికులు అనుకునేవారు. కోబాల్ట్ లోహానికి ఆ పేరే వచ్చింది. సింగరేణి గనుల దగ్గర మైసమ్మకు మొక్కి షిఫ్టుకు దిగే కార్మికులది కూడా భూగర్భపు భయమే, కానీ అక్కడ ఆమె దొంగ కాదు, తల్లి.

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం చుట్టుపక్కల ఫ్యాక్టరీలు 1970ల నుంచి పెరిగాక ఈ చరిత్ర మలుపు తిరిగింది. మైసమ్మ కాపాడింది తెగే కట్టను. వచ్చిన ముప్పు కట్ట మీద కాదు, నీళ్ళలో. వ్యర్థజలాలు చెరువుల్లోకి, నక్కవాగులోకి, దాని వెంట మంజీర నదిలోకి చేరాయి. కాలుష్యంపై కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. దగ్గర్లోని గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. అదే మంజీర కిందికి పారి, మెదక్ జిల్లా ఏడుపాయల దగ్గర వనదుర్గమ్మ గుడిని చుట్టి వెళ్తుంది.

ఫ్యాక్టరీల కాలంలోనూ కొలుపు ఆగలేదు. షెడ్ల ఆవరణలో, రోడ్డు మలుపుల్లో మైసమ్మ గుళ్ళు వెలిశాయి. బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు సెప్టెంబర్ 17న యంత్రాలకు విశ్వకర్మ పూజ చేస్తారు, స్థానికులు ఆషాఢంలో బోనం తీస్తారు. కొన్నిచోట్ల చెరువు పూడి ప్లాట్లయినా మైసమ్మ గుడి మిగిలింది. పాత కట్ట ఎక్కడిదాకా ఉండేదో చెప్పే సాక్ష్యం అక్కడ ఆ గుడే. రోడ్డు వెడల్పులోనో ప్రహరీ గోడ వెనకనో ఆ రాళ్ళు కూడా పోకముందే, ఊరి పెద్దమనుషులను అడిగి, గుడి ఉన్న చోటునూ చెరువు పేరునూ గ్రామాలవారీగా రాసిపెట్టుకోవాలి. ఈ పని పంచాయతీలు, స్థానిక కళాశాలల చరిత్ర శాఖలు ఇప్పుడే మొదలుపెట్టాలి.